లాసెట్ పార్ట్ సీ: పదహారేళ్లు దస్తావేజులు రాసిన నాకు 60కి 22 మార్కులేనా?

పరకాల_రైటర్:

అందరికీ నమస్తే. నాకు 43 ఏళ్లు. పరకాల దగ్గర డాక్యుమెంట్ రైటర్‌ని. సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్, జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా, అన్నదమ్ముల పంపకాలు, పదహారేళ్లుగా ఇదే పని. పార్టీలు సంతకాలు పెట్టేముందు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "అక్కా, ఇది రేపు కోర్టులో నిలబడుతదా?" నేను "వకీలు సాబ్‌ను అడుగుండ్రి" అంటాను. ఆ మాట చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. మా బిడ్డ ఇంటర్ అయిపోయింది, ఇక నా వంతు అనుకుని ఈసారి లా కాలేజీల ప్రవేశ పరీక్ష అయిన తెలంగాణ లాసెట్‌కి అప్లై చేశాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి. డిగ్రీ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ, 47 శాతం. పది, ఇంటర్ మామూలుగానే పాసయ్యాను కాబట్టి అర్హతకి ఇబ్బంది లేదని అప్లై చేసేముందే కనుక్కున్నాను.

పరీక్ష ఏడు వారాల్లో ఉంది. పోయిన ఆదివారం షాపు మూసేసి, గడియారం పెట్టుకుని మొదటిసారి మాక్ టెస్ట్ రాశాను. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. పార్ట్ ఏ (జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ) 30కి 17. పార్ట్ బీ (కరెంట్ అఫైర్స్) 30కి 15. పార్ట్ సీ (న్యాయశాస్త్రం చదవడానికి ఆప్టిట్యూడ్) 60కి 22. మొత్తం 54. క్వాలిఫై అవ్వడానికి 42 చాలట, ఆ గండం దాటాను. కానీ 54తో హన్మకొండ సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు మీద ఆశ పెట్టుకోలేను కదా. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగింది అదొక్కటే.

నాకు బాధ ఎక్కడంటే, పార్ట్ సీలోనే దున్నేస్తాననుకున్నాను. సెక్షన్లు నోటికి వస్తాయి, స్టాంపు డ్యూటీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. తీరా చూస్తే అక్కడే బోల్తా. రెండు ప్రశ్నలు గుర్తున్నంత వరకు రాస్తున్నా.

ఒకటి. సూత్రం: వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానే చెల్లుతుంది. సంఘటన: ఒకతను సాదా బైనామా (రిజిస్టర్ చేయని తెల్లకాగితం అమ్మకం) మీద 50,000కి భూమి కొని, ఎనిమిదేళ్లుగా దున్నుకుంటున్నాడు. అతను యజమాని అయ్యాడా? నేను అయ్యాడు అని పెట్టాను. తప్పట. మరి తహసీల్దారు దగ్గర సాదా బైనామాను క్రమబద్ధం చేసే 13-బీ సర్టిఫికెట్లు తెచ్చుకుని పట్టాలు చేయించుకున్నవాళ్లను నేను కళ్లారా చూశానే!

రెండు. 17 ఏళ్ల పిల్లవాడు నాకు 19 అని అబద్ధమాడి, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. ఆ తాకట్టు చెల్లుతుందా? అబద్ధం చెప్పినవాడిదే తప్పు కాబట్టి చెల్లుతుంది అని పెట్టాను. అదీ తప్పే.

ఇంకా 11 ప్రశ్నలు ఖాళీగా వదిలేశాను. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ పుస్తకం, ఐపీసీ సెక్షన్లతో ఉంది. అది పనికొస్తుందా? ఎలా చదవాలో ఎవరైనా చెప్పండి. కోచింగ్‌కి హైదరాబాద్ వెళ్లడం కుదరదు.

సుబేదారి_సెకండియర్:

అక్కా, ముందు ఆ 11 ఖాళీల సంగతి చెప్పండి! లాసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. తెలియకపోయినా ఏదో ఒకటి నొక్కి రావాల్సిందే. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా 11లో రెండో మూడో తగులుతాయి. నేను చివరి మూడు నిమిషాలు అచ్చంగా దానికోసమే ఉంచుకున్నా.

ఐపీసీ పుస్తకం గురించి. 2024 జులై 1 నుంచి ఐపీసీ (పాత నేరాల చట్టం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఐపీసీలో 511 సెక్షన్లుంటే ఇందులో 358. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. పుస్తకం పారేయక్కర్లేదు, నేరాల నిర్వచనాలు చాలావరకు అవే. నంబర్లు మాత్రం నమ్మొద్దు. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసం 420 కాదు, 318(4). (మా ఊళ్లో ఇంకా "వాడు ఫోర్ ట్వంటీ గాడు" అనే తిడతారు. త్రీ ఎయిటీన్ గాడు అంటే తిట్టులా ఉండదు.) బాగా తెలిసిన ఓ పదిహేను సెక్షన్లకు పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసి షాపు గోడకి అంటించండి.

క్వశ్చన్ పేపర్ తెరమీద ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. తెలుగు చదివి తికమక అనిపిస్తే ఒకసారి ఇంగ్లిష్ లైను చూడండి. ఉత్ప్రేషణ అని చూసి నాకు బుర్ర తిరిగింది, కింద సెర్షియోరరి అని ఉంది! బందీ ప్రత్యక్ష, పరమాదేశ, ప్రతిషేధ, ఉత్ప్రేషణ, అధికార పృచ్ఛ. ఈ ఐదు రిట్ల (హైకోర్టు, సుప్రీంకోర్టు ఇచ్చే ఆదేశాల) పేర్లు రెండు భాషల్లోనూ రావాలి.

పాత_నల్లకోటు:

అమ్మా, నేను పాతికేళ్లుగా సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీకు చట్టం తక్కువ తెలిసి మార్కులు పోలేదు. ప్రశ్నలో లేనిది తెలిసి పోయాయి.

ఆ సాదా బైనామా ప్రశ్నే తీసుకోండి. వాళ్లు ఒక సూత్రం ఇచ్చారు. రిజిస్ట్రేషన్ లేనిదే అమ్మకం చెల్లదు. సంఘటనలో రిజిస్ట్రేషన్ లేదు. అక్కడికి అయిపోయింది. తహసీల్దారు, 13-బీ, ఎనిమిదేళ్ల సాగు, ఇవన్నీ మీ షాపు బెంచీ మీద కూర్చున్న పార్టీలు మీకు చెప్పినవి. ప్రశ్నలో 13-బీ ఉందా? లేదు. అయితే మీ దృష్టిలోనూ లేదు. ఎనిమిదేళ్లు దున్నుకోవడం ఉంది కదా అంటారు. అది మిమ్మల్ని తప్పుదోవ పట్టించడానికే పెట్టారు. మీకు ఇచ్చిన సూత్రంలో సాగు అనే మాట లేదు. మీరు దస్తావేజు రాసేటప్పుడు పార్టీ చెప్పని సర్వే నంబరు మీ అంతట మీరు రాస్తారా? ఇదీ అంతే.

రెండో ప్రశ్న వేరే రకం. అది అచ్చంగా ఒక పాత కేసు. మోహరీ బీబీ, ధర్మోదాస్ ఘోష్ మధ్య నడిచింది, 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు పై కోర్టు) తీర్పు. కలకత్తాలో మైనర్ ఒకడు ఇల్లు తాకట్టు పెట్టి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నాడు. మైనర్ చేసిన కాంట్రాక్టు మొదటి నుంచీ చెల్లదు అన్నారు. 1872 కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 11. అబద్ధం చెప్పినవాడికి లాభమేమిటని మనకు కడుపు మండుతుంది. ఆ మంటను పరీక్ష హాలు బయట చెప్పులతోపాటు వదిలి వెళ్లండి.

టార్టుల్లో, అంటే పరిహారం అడగదగ్గ సివిల్ తప్పుల్లో, రెండు లాటిన్ మాటలు అందరినీ తికమక పెడతాయి. మీ వృత్తిలో పెట్టి చెప్తాను, మరిచిపోరు. ఇంజూరియా అంటే హక్కుకు దెబ్బ. డామ్నమ్ అంటే నష్టం. సైనే అంటే లేకుండా. మీ షాపు పక్కనే ఇంకొకరు షాపు తెరిచి, మీకంటే రెండొందలు తక్కువకి డాక్యుమెంట్లు రాస్తున్నారనుకోండి. మీకు నష్టం వచ్చింది, కానీ హక్కు పోలేదు. కేసు నిలవదు. ఇది డామ్నమ్ సైనే ఇంజూరియా. 1410లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో బడి పక్కనే ఇంకో బడి పెడితే ఫీజులు పడిపోయాయని పాత మాస్టర్లు కోర్టుకి వెళ్లి ఓడిపోయారు. దీనికి తిరగేస్తే ఇంజూరియా సైనే డామ్నో. 1703లో యాష్‌బీ అనే ఆయన్ని ఓటు వేయనివ్వలేదు. ఆయన వేద్దామనుకున్న అభ్యర్థే గెలిచాడు, అంటే నష్టమేమీ లేదు. అయినా ఓటు హక్కుకు దెబ్బ తగిలింది కాబట్టి పరిహారం ఇప్పించారు.

రాజ్యాంగం ఎలా చదవాలో మీరు అడగలేదు. అయినా చెప్తాను, ఎందుకంటే అది మీకు అందరికంటే సులువు కావాలి. రాజ్యాంగ సవరణల మీద మొదట్లో వచ్చిన పెద్ద కేసులు భూమి తగాదాలే. 1951లో శంకరీ ప్రసాద్ కేసు జమీందారీల రద్దు మీద వచ్చింది. గోలక్‌నాథ్ కేసు 1967లో, పంజాబ్‌లోని జలంధర్‌లో ఒక కుటుంబానికున్న 500 ఎకరాల మీద. భూ సీలింగ్ (ఒకరికి ఇంతకుమించి భూమి ఉండకూడదన్న పరిమితి) గొడవ. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని 6-5తో తీర్పు చెప్పిన ధర్మాసనానికి పెద్ద మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారు. 1973 ఏప్రిల్ 24న మఠాధిపతి కేశవానంద భారతి కేసు. అదీ కేరళ భూసంస్కరణల్లో మఠం భూములు పోతాయన్న భయంతో మొదలైందే. 13 మంది జడ్జీలు, 7-6, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని తీర్పు. చివరికి 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయి 300-ఏ అధికరణంలోకి వచ్చింది. ఇది వరసగా ఒక కథలా మీ పార్టీలకు చెప్పగలిగేలా చదవండి. బిట్లుగా బట్టీ పడితే నాలుగో రోజుకి ఉండదు.

నైట్‌డ్యూటీ:

సార్ చెప్పింది బాగుంది కానీ ఒక మాట. నేను రెండుసార్లు రాశాను. నేను రాసిన రెండు పేపర్లలోనూ ఇలా సూత్రం ఇచ్చి సంఘటన ఇచ్చే ప్రశ్నలు తక్కువే, నేరుగా అడిగేవే ఎక్కువ. ఏ అధికరణం దేని గురించి, ఏ సవరణ ఏ ఏడు, ఇలా. సూత్రం-సంఘటన ప్రశ్నలు చదవడానికే నిమిషం పడుతుంది, సగటున ఒక్కో ప్రశ్నకి ఉన్నది 45 సెకన్లు. కాబట్టి అక్కా, పార్ట్ సీలో పొడుగు ప్రశ్నల్ని ముందు దాటేసి, నేరుగా అడిగినవి పూర్తి చేసి వెనక్కి రండి. నేను మొదటిసారి వరసగా చేసి 14 ప్రశ్నలు చూడకుండానే టైమ్ అయిపోయింది.

మెంటల్ ఎబిలిటీలో రక్తసంబంధాల ప్రశ్నలొస్తాయి. విరాసత్ (వారసుల పేరిట భూమి మార్పిడి) కోసం వంశవృక్షం గీస్తారు కదా, అదే గీయండి. "మా తాత ఒక్కగానొక్క కొడుకు కూతురు" లాంటివి మీకు పదిసెకన్ల పని.

ఇంకోటి. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు పార్ట్ సీ చూస్తారు, తర్వాత పార్ట్ బీ. అదీ సమానమైతే వయసులో పెద్దవాళ్లకి మంచి ర్యాంకు. ఆ చివరి మెట్టు దాకా వెళ్తే మిమ్మల్ని కొట్టేవాళ్లు లేరు.

సుబేదారి_సెకండియర్:

అది నిజం 😀 ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి అక్కా. సీటొచ్చాక క్లాసులకి రావాలి. బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. షాపు ఎవరికి అప్పజెప్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. మా క్లాసులో 50 దాటినవాళ్లున్నారు, వయసు వల్ల ఎవరూ ఆగలేదు. హాజరు చాలక పరీక్ష రాయలేకపోయినవాళ్లు మాత్రం ఉన్నారు.

పరకాల_రైటర్:

అందరికీ పేరుపేరునా దండాలు. ఆలస్యంగా రాస్తున్నా, పది రోజులు చదువులో పడిపోయా.

ముందు ఖాళీల సంగతి. నెగెటివ్ మార్కులు లేవని తెలుసు. తెలిసే వదిలేశాను. మా పనిలో తెలియని హద్దు రాయకూడదు. తూర్పున ఎవరి భూమి ఉందో పార్టీకి తెలియకపోతే కనుక్కొచ్చే దాకా కాగితం ఆపేస్తాను. పదహారేళ్ల అలవాటు, చెయ్యి కదల్లేదు. ఇప్పుడు కష్టంగానైనా నొక్కుతున్నా.

నల్లకోటు సార్, మీరు ఊహించి చెప్పారో ఏమో, పోయిన దసరాకి నా షాపు పక్కన నిజంగానే ఇంకొకాయన షాపు పెట్టాడు. రెండొందలు కాదు, మూడొందలు తక్కువ. ఆయన్ని చూసినప్పుడల్లా డామ్నమ్ సైనే ఇంజూరియా అనుకుంటున్నా. ఈ జన్మలో మరిచిపోను. భూముల కథ మా బిడ్డకి చెప్పాను, కేశవానంద దగ్గరికి వచ్చేసరికి అది "మరి మఠం భూములు చివరికి దక్కాయా?" అని అడిగింది. తీర్పులో ఆయన భూముల సంగతి ఎవరూ మాట్లాడరేంటి సార్?

షాపు గురించి. మధ్యాహ్నం దాకా మా ఆడపడుచు కొడుకు చూసుకుంటానన్నాడు. అను (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్)లో టైపు నేర్పుతున్నా. వత్తులు ఇంకా సరిగా పడటం లేదు వాడికి.

నిన్న రెండో మాక్. పార్ట్ ఏ 21, పార్ట్ బీ 16 (పేపర్ రోజూ చదువుతాను, అయినా ఎందుకు కదలడం లేదో), పార్ట్ సీ 36. మొత్తం 73. ఒక్కటీ ఖాళీ వదల్లేదు.

సాదా బైనామా ప్రశ్న పేర్లు మార్చి మళ్లీ ఇచ్చారు. ఈసారి "యజమాని కాలేదు" అని నొక్కాను. నొక్కాక తర్వాతి ప్రశ్నకి వెళ్లడానికి ఓ నిమిషం పట్టింది. మా మామగారి రెండెకరాలూ సాదా బైనామా మీదే ఉన్నాయి. వెనకటి ప్రశ్న కరెక్టయిందని ఇంట్లో ఇంకా చెప్పలేదు.