ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ తీసుకున్న కంపెనీ టెక్నాలజీని మూలన పడేయకుండా ఏ షరతు రాయాలి?

మా యూనివర్సిటీ ల్యాబ్‌లో నీటి శుద్ధికి పనికొచ్చే మెంబ్రేన్ పూత ఒకటి తయారుచేశాం. ల్యాబ్‌లో బాగా పనిచేస్తోంది, టీఆర్ఎల్ (టెక్నాలజీ ఎంత సిద్ధంగా ఉందో చెప్పే 1 నుంచి 9 వరకు ఉన్న స్కేల్) 4 అనుకోవచ్చు. పైలట్ ప్లాంట్ ఇంకా పెట్టలేదు. పేటెంట్ దరఖాస్తు యూనివర్సిటీ పేరు మీదే ఉంది. పీసీటీ (పలు దేశాల్లో పేటెంట్ కోరడానికి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం మొదటి ఫైలింగ్ నుంచి 30 నెలల్లో ఏయే దేశాల్లో ముందుకెళ్లాలో తేల్చుకోవాలి. ఇప్పుడు 24వ నెల నడుస్తోంది, ఆ ఖర్చు యూనివర్సిటీ ఒక్కటే భరించలేదు. అదే టెన్షన్.

ఒక కంపెనీ ఆ ఖర్చు పెట్టుకుంటానంటోంది. బదులుగా అన్ని దేశాలకూ, అన్ని రంగాలకూ ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ (ఇంకెవరికీ ఇవ్వకుండా తమకొక్కరికే) కావాలట. నాన్-ఎక్స్‌క్లూజివ్ అంటే ససేమిరా అంది. తాగునీటి వరకే ఎక్స్‌క్లూజివ్ ఇస్తాం, పరిశ్రమల వ్యర్థజలాలకు వేరొకరిని చూసుకుంటాం అన్నా వినలేదు. పరిశోధనకు, బోధనకు వాడుకునే హక్కు మాకు ఉంచడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఏటా కనీస రాయల్టీకీ సరేనంది, కానీ అది చాలదని నా అభిప్రాయం. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి వచ్చే డబ్బు కాదు. కట్టేసి, పోటీ రాకుండా టెక్నాలజీని అటకెక్కించగలదు. ఇన్నేళ్ల పని జనానికి చేరకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

రెండేళ్లలో పైలట్ పెట్టకపోతే లైసెన్స్ రద్దు అనే షరతు దగ్గర చర్చ ఆగిపోయింది.

రద్దుకు బదులు, గడువు తప్పితే లైసెన్స్ దానంతటదే నాన్-ఎక్స్‌క్లూజివ్‌గా మారేలా రాసి, కంపెనీని ఒప్పించినవాళ్లు ఉన్నారా? ఉంటే ఆ షరతును ఎలా రాశారు?