3, 4 తరగతుల పిల్లలకు ప్రపంచ పటం ఎక్కడ మొదలుపెట్టాలె?

దేవరకొండ టీచరమ్మ:
అందరికీ నమస్తే. ప్రాథమిక బడి, 3, 4 తరగతులకు కలిపి ఒకటే గది. ఏడు ఖండాల పేర్లు ఎక్కాల లెక్క గడగడ అప్పజెప్తరు. "మనం ఏ ఖండంల ఉన్నం?" అంటే మాత్రం చప్పుడు లేదు. తెలంగాణ, ఇండియా, ఆసియా మూడూ పక్కపక్కన ఉన్న ఊర్లే అనుకుంటున్నరు. గోడ పటం చూసి ఇండియా కంటే గ్రీన్‌లాండ్ పెద్దదంటరు. ఆఫ్రికా అంటే సింహం, అడవి, అంతే. ఉన్నయి ఒక గోడ పటం, 8 అంగుళాల గ్లోబు. ఖర్చు మూడు వందలు దాటొద్దు. ఎట్ల చేయమంటరు?

పాలమూరు సోషల్:
మేడమ్, ఖండాల పేర్లు కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు "ఒకదాంట్ల ఒకటి" అనే సంగతి ఎక్కాలె. దానికి వంటింటి గిన్నెలు చాలు. చిన్న గ్లాసు మీద ఊరు, చెంబు మీద జిల్లా, చిన్న బగోన మీద తెలంగాణ, పెద్ద బగోన మీద ఇండియా, గంగాళం మీద ఆసియా అని చిట్టీలు అంటించండి. ఒక్కొక్కరితో ఒకదాంట్ల ఒకటి పెట్టించండి. తర్వాత గ్లాసుల ఒక పల్లి గింజ వేసి, "గింజ ఇండియాల ఉన్నదా, తెలంగాణల ఉన్నదా?" అని అడగండి. ఏదో ఒకటే చెప్తే ఇంకా ఎక్కలేదన్నట్టు. రెండింట్ల ఉన్నదన్న రోజు గ్లోబు తీయండి. మండలం, డివిజన్ గిట్ల అన్నీ దూరిస్తే పిల్లలు లెక్క తప్పుతరు, ఐదు గిన్నెలు దాటొద్దు.

గ్రీన్‌లాండ్ సంగతికి బత్తాయి తెచ్చుకోండి, నల్గొండల దానికి కరువా! తోలు తడి లేకుండా తుడిచి మార్కర్‌తోని పైన గ్రీన్‌లాండ్, నడుమ ఆఫ్రికా గీయండి. తొడిమ నుంచి అడుగు దాకా ఆరు గాట్లు పెట్టి తోలు తీసి బల్ల మీద పరవండి. నడుమ భాగం దగ్గరదగ్గరగనే ఉంటది, పైన, కింద సందులు పడతయి. ఆ సందులు పూడ్చాలంటే తోలును సాగదీయాలె. గోడ పటంల జరిగింది అదే, అందుకే ధ్రువాల దగ్గరివి ఉబ్బినయి. బత్తాయి తోలు కండకు అంటుకొని చిరుగుతది, చేతి కింద పెట్టి కాసేపు దొర్లించినంక తీయండి. అయినా రాకపోతే కమలా పండు.

ఆ వెంటనే గళ్ల కాగితం. ఒక చదరపు సెంటీమీటరు అంటే లక్ష చదరపు కిలోమీటర్లు. తెలంగాణ ఒక్క గడి, కొంచెం పైన. గ్రీన్‌లాండ్ 22, ఇండియా 33, ఆఫ్రికా 303. చతురస్రాలు కత్తిరిస్తే ఇండియాది 5.7 సెంటీమీటర్ల భుజం, గ్రీన్‌లాండ్‌ది 4.7, ఆఫ్రికాది 17.4. ఇండియా ముక్కలు ఆఫ్రికా మీద పరిచి ఎన్ని పడతయో పిల్లలనే లెక్కపెట్టనీయండి. తొమ్మిది పరిచినంక ఇంకా కొంచెం చోటు మిగలాలె, ఆ చోటు నింపాలంటే ఇంకో ముక్కను సన్నగ కత్తిరించాల్సి వస్తది. నోటితోని పది సార్లు చెప్పినా ఈ పని కాదు.

నీడ కర్ర:
పై మాటకు ఒకటి కలుపుతున్న. పటాన్ని ఏ గోడకు వేలాడదీసినరో చూడండి. దక్షిణం గోడకు ఉంటే పిల్లల మనసుల ఉత్తరం అంటే "పైన" అయిపోతది. నేల మీద పరిచి, పటంల ఉత్తరాన్ని నిజమైన ఉత్తరానికి తిప్పండి.

ఉత్తరం పట్టడానికి నీడ వాడితే జాగ్రత్త. "మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది" అన్నది మనకు ఏడాది పొడుగునా నిజం కాదు. నల్గొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, కర్కటరేఖకు దక్షిణాన. మే రెండో వారం మొదలు నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటడు, నీడ దక్షిణానికి పడుతుంది. మీటరు కర్ర నిటారుగా పాతితే జూన్ 21న 12:15కు నీడ దక్షిణానికి 11 సెంటీమీటర్లు, డిసెంబర్ 21న 12:10 ప్రాంతంలో ఉత్తరానికి 85 సెంటీమీటర్లు. బడి తెరిచినంక మొదటి కొలత, సంక్రాంతి సెలవులకు ముందు రెండోది తీసుకొని నేల మీద గీత గీసి ఉంచండి. నీడ అసలే లేని రోజులు రెండు. మేలో వచ్చేది సెలవులల్ల పోతుంది, ఆగస్టుది చాలాసార్లు మబ్బులల్ల పోతుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

కర్ర పక్కకు వాలితే కొలతలు తప్పుతయి. దారానికి రాయి కట్టి తూగించి పాతండి.

దేవరకొండ టీచరమ్మ:
గిన్నెలు రేపే పెడత. మరి మనుషుల గురించి? వారానికో దేశం అనుకుంటున్న.

సీతాఫలం:
వారానికో దేశం వద్దండి. జెండా, రాజధాని, వేషం తప్ప ఏమీ మిగలదు. టర్ముకు రెండు చాలు, అదీ మన కంచం నుంచి మొదలుపెడితే.

జొన్నరొట్టె, పల్లికారం, చింతపులుసు. జొన్న పుట్టింది ఈశాన్య ఆఫ్రికాలో, చింత ఆఫ్రికాది. పల్లి దక్షిణ అమెరికాది. మిరప, టమాట, మొక్కజొన్న, మనం మనదే అనుకునే సీతాఫలం, అన్నీ అమెరికా ఖండాలవే. పటం మీద పుట్టినచోటు నుంచి ఊరికి దారం కట్టండి. అది వచ్చిన దారి కాదు, పుట్టినచోటు మాత్రమే అని గట్టిగా చెప్పాలి, లేదంటే మిరపకాయ తిన్నగా సముద్రం మీదుగా ఎగిరొచ్చిందనుకుంటారు. వాస్కోడగామా కాలికట్‌కు వచ్చింది 1498లో, మిరప వచ్చింది ఆ తర్వాతే. "అంతకుముందు కూరలో కారం ఎక్కడిది?" అని అడగండి. మిరియాలని ఎవరో ఒకరు ఇంట్లో అవ్వను అడిగి వస్తారు.

కంది మనదే. ఇప్పుడు మనకు తక్కువపడితే మొజాంబిక్, టాంజానియా, మలావి నుంచి ఓడల్లో వస్తుంది. ఆఫ్రికా సింహం పోవాలంటే ఇదే మందు, అక్కడా కంది వేసే రైతు ఉన్నాడని. 54 దేశాలని కూడా చెప్పండి.

మెక్సికో దసరా సెలవుల తర్వాత తీయండి. బంతిపువ్వు పుట్టినిల్లు అదే. నవంబర్ 1, 2 తేదీల్లో వాళ్లు చనిపోయిన పెద్దలకు బంతిపూలు పరిచి ఇష్టమైన తిండి పెడతారు. మన పిల్లలు పెత్రమాస (పెద్దల అమావాస్య) నాడు ఇంట్లో చేసింది చూసే ఉంటారు, ఆ రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. "రెండింట్ల ఏం ఒకటి, ఏం వేరు?" అని రెండు గడుల్లో రాయించండి. ఒకటే అని తేల్చేయొద్దు, వేరు గడి కూడా నిండాలి. వాళ్ల రొట్టెకు మొక్కజొన్నను సున్నం నీళ్లలో ఉడికించి రుబ్బుతారని చెప్తే ఆడపిల్లలకంటే మగపిల్లలే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు, చూడండి.

పాలమూరు సోషల్:
ఇంకో రెండు ముక్కలు. ఇంటర్నెట్‌ల దొరికే పటాలల్ల మన సరిహద్దు తప్పుగ ఉంటది, జమ్మూ కశ్మీర్ దగ్గర ముఖ్యంగ. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటుల ఉన్నదే ప్రింట్ తీయండి. "మీ అమ్మనాన్న ఎక్కడికి పోయిన్రు?" అని అందరి ముందట అడిగి పటం మీద గుర్తు పెట్టించకండి. ముంబై, పుణె వలసపోయినోళ్ల పిల్లలుంటరు. వాళ్లే చెప్తే పెట్టండి.

దేవరకొండ టీచరమ్మ:
గంగాళం దొరకలేదు, బిందె మూతి చిన్నది. పెద్ద ప్లాస్టిక్ టబ్బు చాలా?

పాలమూరు సోషల్:
చాలు. టబ్బు ఆసియా. గ్లోబును దాని పక్కన పెట్టండి, లోపల మాత్రం పెట్టకండి.