అంబులెన్స్ మోసుకెళ్ళే బండా, కదిలే ఆసుపత్రా?

ప్రశ్న (గోదావరిగట్టు):
గత నెల మా నాన్నగారికి అర్ధరాత్రి ఆయాసం ఎక్కువైతే దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫోను చేశాము. వచ్చిన బండికి సైరను, పైన దీపం అన్నీ ఉన్నాయి గాని, డ్రైవరు తప్ప మరో మనిషి లేడు. దారిపొడుగునా ఆక్సిజన్ మాస్కు మా తమ్ముడే పట్టుకొని కూర్చున్నాడు. నాన్నగారు ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. నా సందేహమల్లా ఒకటే: అంబులెన్స్ పుట్టింది రోగిని చేరవేయడానికేనా, వైద్యం చేయడం కూడా దాని పనేనా?

జవాబు (పాతపుటలు):
మాటను బట్టి చూస్తే వైద్యమే ముందు. లాటిన్‌లో ‘అంబులారె’ అంటే నడవడం. ఫ్రెంచివారు సైన్యం వెంట కదిలే ఆసుపత్రిని ఆ ధాతువుతోనే పిలిచారు. అయితే 1792 నాటికి ఆ ఆసుపత్రి యుద్ధరంగానికి సుమారు నాలుగు కిలోమీటర్ల వెనుక ఆగిపోవాలన్నది నిబంధన. పోరు ముగిశాక, ఒక్కోసారి ఒక రోజు గడిచాక గాని అది క్షతగాత్రులను చేరేది కాదు. ఈలోగా చాలామంది ప్రాణాలు పోయేవి. గుర్రాలు ఫిరంగులను క్షణాల్లో అటూ ఇటూ తిప్పడం చూసిన డొమినిక్ జాన్ లారీ అనే శస్త్రవైద్యుడు, వైద్యానికి మాత్రం ఆ వేగం ఎందుకు ఉండకూడదని ‘ఎగిరే అంబులెన్సు’లను రూపొందించాడు. స్ప్రింగుల మీద ఊగే ఆ తేలికపాటి బండిలో పరుపు పరిచిన అడుగుపలకకు చిన్న చక్రాలుండేవి. దాన్ని బయటికి లాగి, మనిషిని పడుకోబెట్టి, మళ్ళీ లోపలికి నెట్టేవారు. నేటి స్ట్రెచరు కూడా అలాగే జారుతుంది! ఆ బండ్లతో పాటు వైద్యులూ వెళ్ళేవారు. హోదాను కాక గాయం తీవ్రతను చూసి ముందెవరికి చికిత్స చేయాలో నిర్ణయించేవారు.

తరువాతి కాలంలో బండి మిగిలింది, వైద్యుడు దిగిపోయాడు. 1960ల దాకా అమెరికాలో ఎన్నో ఊళ్ళలో అంత్యక్రియల సంస్థలే అంబులెన్సులు నడిపాయంటే పరిస్థితిని ఊహించవచ్చు. 1966లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే హృద్రోగ వైద్యుడు గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రాన్ని బండిలోకి ఎక్కించడంతో చికిత్స మళ్ళీ రోగి దగ్గరికి వచ్చింది.

జవాబు (కొండదారి):
పై జవాబుకు ఒక చేర్పు. దక్షిణాఫ్రికాలో బ్రిటిషువారికీ, డచ్చి సంతతి బోయర్లకూ జరిగిన బోయర్ యుద్ధంలో గాంధీజీ అక్కడి నేటాల్‌లో కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళానికి బండ్ల కన్నా భుజాలే ఆధారం. సుమారు 1,100 మంది, కొన్ని రోజులు ఇరవై మైళ్ళకు పైగా, స్ట్రెచర్లు మోశారు. వారిలో అధికులు ఒప్పంద కూలీలు. నేటాల్‌కు అలా వెళ్ళినవారిలో తెలుగు జిల్లాలవారూ చాలామందే. మా పాడేరు వైపు రోడ్డు లేని గూడేలలో నేటికీ గర్భిణిని డోలీలో మోసుకొస్తే గాని అంబులెన్సు ఆగే చోటు రాదు. కాబట్టి మోయడాన్ని చిన్న పనిగా తీసిపారేయలేము.

జవాబు (రాత్రిడ్యూటీ):
నేను కొన్నేళ్ళు 108లో పనిచేశాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవలో నడిపేవారిని పైలట్ అని, రోగి పక్కన కూర్చునేవారిని ఈఎంటీ అని అంటారు. బండి కదులుతుండగానే రక్తస్రావం ఆపడం, సెలైన్ పెట్టడం, అవసరమైతే కాన్పు చేయడం ఈఎంటీ పని. ఇక మీకు ఎదురైన అనుభవానికి కారణం ఇది: మన దేశపు ఏఐఎస్-125 ప్రమాణం ప్రకారం అంబులెన్సులన్నీ ఒక్కటి కావు. కేవలం రోగిని చేరవేసే బండి వేరు, ప్రాథమిక ప్రాణరక్షణకు ఉద్దేశించినది వేరు, వెంటిలేటరు వంటివి ఉన్న ఉన్నత శ్రేణిది వేరు. బయటినుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఈసారి ఫోను చేసినప్పుడు బండి ఎంతసేపట్లో వస్తుందన్న దానితో పాటు, లోపల శిక్షణ పొందినవారు ఉన్నారా అని కూడా అడగండి.