పాచిక పారిందా, పడిందా, పడనీనా?

రేవు: ఇంటర్‌లో మా హిస్టరీ సార్, సీజర్ రోమ్ మీదికి దండెత్తుతూ రూబికాన్ ఏరు దాటేటప్పుడు అన్న మాటని తెలుగులో ఒక ఊపుతో చెప్పేవారు. "పాచిక పారింది, పదండి" అన్నట్టు గుర్తు. కానీ పారిందంటే ఎత్తు ఫలించిందని కదా, అప్పటికింకా ఏరే దాటలేదాయె. పడింది అన్నారేమో?

గవ్వలపెట్టె: పడిందే. రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ లాటిన్‌లో రాసింది "యాక్టా ఆలేయా ఎస్ట్", పాచిక వేయబడింది.

చింతచెట్టు: వేయబడింది అని ఏ తెలుగువాడంటాడండీ 😀 పడింది కూడా నేనొప్పుకోను. అష్టాచెమ్మాలో మా అమ్మమ్మ గవ్వలు ఆగి, లెక్క చూసుకున్నాకే "అష్టా పడింది" అనేది. సీజర్‌కి లెక్కెక్కడ తేలింది? క్రీ.పూ. 49 జనవరిలో చేతిలో ఉన్నది 13వ లీజియన్ అనే సేనాదళం ఒక్కటే, మిగతా సైన్యం ఆల్ప్స్ అవతలే ఉండిపోయింది. గవ్వలింకా దొర్లుతున్నాయి.

ఏటిగట్టు: గ్రీకు రచయిత ప్లూటార్క్ అయితే సీజర్ ఆ మాట గ్రీకులో అన్నాడంటాడు, గ్రీకు నాటకకర్త మెనాండర్ నాటకంలోది, దానర్థం "పాచిక పడనీ" అని. అందుకే యూరప్ పండితుడు ఎరాస్మస్ సుటోనియస్ పాఠంలో "ఎస్ట్" కాదు "ఎస్టో" అని దిద్దాడు. ఒక్క ఓకారం. మనకైతే "పడింది"లో చివరి రెండక్షరాలు తీసి "డనీ" పెడితే అయిపోయె.

గవ్వలపెట్టె: ప్రతుల్లో ఎస్ట్ అనే ఉంది. అర్థం నచ్చలేదని పాఠం మార్చేస్తామా?

ఏటిగట్టు: చివరక్షరం రాలిపోవడం రాయసగాళ్ళకి కొత్తేం కాదు లెండి.

తాటాకు: అసలు ఆలేయా అంటే పాచిక కన్నా ముందు జూదం. మన పాత మాట నెత్తం ఉండనే ఉంది, దాన్నొదిలేసి ఈ గొడవేంటో. తిక్కన సభాపర్వం తీసి చూడండి.

చింతచెట్టు: సభాపర్వం నన్నయదండీ.

తాటాకు: అవునవును, నన్నయ, చేయి జారింది. ఆ జూదం ఘట్టం ఎన్నిసార్లు చదివినా ధర్మరాజు ఈసారైనా ఆపుతాడేమో అనిపిస్తుంది నాకు. పాచికలు పారడమంటే శకునివి పారడమే. క్రీ.పూ. 44 మార్చి 15న కత్తిపోట్లు తిన్నవాడికి పాచిక పారిందని ఎలా అంటాం?

ఏటిగట్టు: పారు అంటే మొదట పరిగెత్తడం కదా. ఏరు పారుతుంది, పాచికా పారుతుంది, అంటే దొర్లుతుంది. ఫలించడం తర్వాత వచ్చిన అర్థం అని నా అనుమానం. ఆ లెక్కన చింతచెట్టు గారి దొర్లే గవ్వలకి పారిందే సరిపోతుంది!

చింతచెట్టు: నా గవ్వలతో నన్నే కొట్టారు.

గవ్వలపెట్టె: సీజర్ అంతర్యుద్ధం గురించి తనే రాసుకున్నదాంట్లో పాచికా లేదు, రూబికాన్ పేరూ లేదు. అన్నట్టు లాటిన్‌లో ఆయన సీజర్ కాదు, కైసర్.

రేవు: కైసరే కానివ్వండి, మా సార్ ఏమన్నారు?

తాటాకు: సార్‌ది ఏ ఊరండీ?