పికప్‌కి చౌకలో ఎలక్ట్రిక్ వించ్: 9,500 పౌండ్లు సరిపోతుందా, 12,000 తీసుకోవాలా?

నాలుగోగేరు

అందరికీ నమస్కారం. నాది డబుల్ క్యాబిన్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. ఖాళీ బండి 1,950 కేజీలు, ఫుల్ లోడ్‌తో కంపెనీ పరిమితి 2,950. నేను తిరిగే దారిలో సగం బంకమట్టి, వాన పడిందంటే చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. ఎక్కువగా ఒంటరి ప్రయాణమే, లాగడానికి వెనక ఇంకో బండి ఉండదు. అందుకే ముందు వైపు వించ్ (రోప్‌ని మోటారుతో చుట్టుకుంటూ, కూరుకుపోయిన బండిని లాగే యంత్రం) పెట్టిద్దామనుకుంటున్నాను.

పేరున్న కంపెనీలవి నా బడ్జెట్‌కి అందట్లేదు. చౌక వాటిలో రెండు చూసి పెట్టుకున్నాను. ఒకటి 9,500 పౌండ్ల బలంతో లాగేది, 8.3 మిల్లీమీటర్ల స్టీల్ రోప్, 27 మీటర్లు, రోలర్ ఫెయిర్‌లీడ్ (రోప్ బయటికొచ్చే చోట ఉండే రోలర్ల చట్రం), వైర్ రిమోట్. చూడటానికి మామూలుగా ఉంది. రెండోది 12,000 పౌండ్లది, సింథటిక్ రోప్, రెండు వైర్‌లెస్ రిమోట్లు, తళతళలాడే నల్ల రంగు. రెండింటికీ ధరలో పెద్ద తేడా లేదు, నా టెన్షన్ అంతా అదే. పెద్దది అదే రేటుకి ఎలా ఇస్తున్నారు? వాడినవాళ్లు చెప్పండి.

బురదమామ

ఇందులో ఆలోచించేదేముంది అన్నా, 12,000దే కొట్టేయ్. బలం ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే తిప్పలు. పైగా సింథటిక్ రోప్ తేలిక, చేతులు కోసుకోదు. స్టీల్ రోప్‌లో ఒక్క తీగ తెగి పైకి లేచినా చేతి తొడుగులోంచి దిగిపోతుంది.

ఆంపియర్

నాలుగోగేరు గారూ, బండ్ల వైరింగ్ పని చేస్తాను. వించ్‌లు బిగించడం, కాలిపోయిన వాటిని విప్పడం రెండూ నా బల్ల మీదే జరుగుతాయి. మామగారి మాట నిజమే కానీ ఆ 12,000 నిజంగా 12,000 అయితేనే. డబ్బా మీద అంకె కన్నా లోపల కాగితం ముఖ్యం. కొనేముందు మాన్యువల్ అడిగి తెప్పించుకోండి.

అందులో మొదట వెతకాల్సింది పొరల పట్టిక. వించ్‌కి చెప్పే బలం, రోప్ చుట్టుకునే డ్రమ్ మీద ఒకే పొర మిగిలినప్పటిది. పైన పొరలు పేరుకునే కొద్దీ డ్రమ్ లావవుతుంది, అదే మోటారు తక్కువ బలంతో లాగుతుంది. మీరు చూసిన మొదటిదాన్నే తీసుకుందాం. ఈ సైజు వించ్‌లలో డ్రమ్ మామూలుగా 63 మిల్లీమీటర్ల లావు, 225 వరకు వెడల్పు ఉంటుంది. 8.3 రోప్ చుడితే మొదటి పొరలో పట్టేది సుమారు 6 మీటర్లు, రెండో పొరలో ఏడున్నర, మూడో పొరలో 9, మిగిలిన నాలుగైదు మీటర్లు నాలుగో పొర. బలం మొదటి పొర మీద 4,300 కేజీలు (9,500 పౌండ్లంటే ఇదే), రెండో దాని మీద 3,500, మూడో దాని మీద 2,950 దగ్గర, నాలుగో దాని మీద రెండున్నర వేలు.

ఇప్పుడు మీరు కూరుకుపోయారు, రోప్ కట్టే చెట్టు 8 మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. 8 మీటర్లు బయట, 19 మీటర్లు డ్రమ్ మీదే. అంటే మీరు మూడో పొర మీద ఉన్నారు, చేతిలో ఉన్నది 2,950 కేజీలు. హబ్ (చక్రం నడిబొడ్డు) దాకా బురదలో దిగిన బండిని కదిలించాలంటే సుమారు దాని బరువంత బలం కావాలని, చక్రం పైఅంచు దాటి మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలని సైన్యంలో రికవరీ వాళ్లు లెక్క వేస్తారు. ఫుల్ లోడ్‌లో మీ బండి 2,950. ఏటవాలు ఏమాత్రం ఉన్నా వించ్ మూలుగుతూ అక్కడే ఆగిపోతుంది. బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు ఉండాలని అందరూ చెప్పేది ఇందుకే. మీ లెక్కన 4,425 కేజీలు, అంటే 9,500 పౌండ్లది వెంట్రుకవాసి తక్కువ.

అయితే పెద్దది కొనాలనేగా అంటారు. ఆగండి. స్నాచ్ బ్లాక్ అని ఒక కప్పీ ఉంటుంది. దాన్ని చెట్టుకి కట్టి, రోప్ అందులోంచి తిప్పి తెచ్చి బండి రికవరీ పాయింట్‌కి (లాగడానికి ఛాసిస్‌కి ఉండే గట్టి కొక్కేనికి) తగిలిస్తే లాగే బలం రెట్టింపు, వేగం సగం. అదే చెట్టుకి ఇప్పుడు 16 మీటర్లు బయటికి వెళ్లింది, డ్రమ్ మీద 11 మిగిలింది, మీరు రెండో పొరలోకి దిగారు. 3,500కి రెండింతలు 7,000, కప్పీలో రాపిడి పోయినా ఆరు వేల పైనే. మోటారు మీద భారం సగమే కాబట్టి వేడి కూడా తక్కువ. చవగ్గా 12,000 వించ్ కొనే బదులు 9,500తో పాటు ఒక మంచి స్నాచ్ బ్లాక్ కొనమంటాను నేను. చెట్టు మీద పడే బలం కూడా ఆ రెట్టింపే, కాబట్టి చెట్టుకి కట్టే వెడల్పాటి స్ట్రాప్, దాన్ని కప్పీకి కలిపే షాకిల్ (అడ్డ పిన్ను ఉన్న ఇనుప లింకు) అంత మోసేవిగా ఉండాలి. షాకిల్ మీద పని భారం అచ్చు వేసి ఉంటుంది, అది చూసే తీసుకోండి. అచ్చు లేనిది ఊరికే ఇచ్చినా వద్దు.

రెండో పరీక్ష. లాగే బరువు కేజీల్లో, ఆ బరువుతో రోప్ వేగం నిమిషానికి మీటర్లలో చూసి, రెండూ గుణించి 6తో భాగించండి. రోప్ మీదికి చేరే పవర్ సుమారుగా వాట్లలో వస్తుంది. 4,300 కేజీలు, నిమిషానికి 1.4 మీటర్లు అని రాస్తే వెయ్యి వాట్లు. మోటారు 5.5 హార్స్‌పవర్, అంటే 4,100 వాట్లు. గేర్లు, బ్రేకు తినేది పోతే ఇది నమ్మదగ్గ మాటే. అదే 12,000 పౌండ్లు, అంటే 5,440 కేజీలు, ఫుల్ లోడ్‌లో నిమిషానికి 4 మీటర్లు అని రాశారనుకోండి, 3,600 వాట్లు పైన. 6 హార్స్‌పవర్ అంటే 4,470. వించ్ లోపలి ప్లానెటరీ గేర్లు దాటి అందులో 80 శాతం రోప్ దాకా రావడం జరిగే పని కాదు. లోడ్ లేనప్పటి వేగాన్ని లోడ్‌తో ఉన్నట్టు రాసినా, బరువు పెంచి రాసినా ఇలాగే బయటపడుతుంది. పట్టికే ఇవ్వకపోతే నా దృష్టిలో ఆ వించ్‌కి లెక్కే లేదు.

మోటారు సీరీస్ వౌండ్‌దే (మాగ్నెట్ బదులు లోపల తీగ చుట్లు ఉన్నదే) కావాలి. పర్మనెంట్ మాగ్నెట్ మోటార్లు కరెంటు కాస్త తక్కువే తాగుతాయి, కానీ ఎక్కువసేపు లాగితే తొందరగా వేడెక్కి బలం పోతుంది.

కొండదారి

ఆంపియర్ గారి లెక్క బాగుంది. నాదొక మొండి ప్రశ్న. నాలుగోగేరు గారూ, టైర్లలో గాలి తీసి చూశారా? బంకమట్టిలో ఒత్తిడి తగ్గిస్తే టైరు పట్టు ఎంత మారుతుందో ఒకసారి చూస్తే వించ్ మీద ఇంత బెంగ ఉండదు. ఒక పార, చక్రాల కింద పట్టు కోసం పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు, గాలి నింపే కంప్రెసర్. ఇవేమీ లేకుండా నేరుగా వించ్ దగ్గరికి వెళ్లడం నాకు నచ్చదు. వించ్ ఉన్నా సరే, ముందు చక్రాల ఎదురుగా మట్టి తవ్వి దారి చేస్తే లాగాల్సిన బరువు చాలా పడిపోతుంది. ఇంకోటి, చుట్టుపక్కల కట్టడానికి చెట్టే లేకపోతే? బయలుదేరే ముందు అదీ ఆలోచించుకోండి.

నాలుగోగేరు

కొండదారి గారూ, గాలి తీయడం చేస్తూనే ఉంటాను, పార బండిలోనే ఉంటుంది. మా దారిలో చెట్లకి కొదవ లేదు.

ఆంపియర్ గారూ, మీరు చెప్పినట్టే రెండింటి మాన్యువల్స్ తెప్పించాను. 9,500 దాంట్లో పొరల పట్టిక ఉంది, మీ అంకెలకి దగ్గరగానే ఉన్నాయి. ఏ బరువుకి ఎన్ని ఆంపియర్లో కూడా రాశారు. 12,000 దాంట్లో ఒక్కటే అంకె, కింద రంగు బొమ్మలు. సీరీస్ వౌండ్ అన్న మాట మొదటి దాంట్లోనే ఉంది. కాబట్టి మొదటిదే ఖాయం. నా బ్యాటరీ 70 ఆంపియర్ అవర్లది, ఆల్టర్నేటర్ 100 ఆంపియర్లు. ఇవి సరిపోతాయా? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఆంపియర్

బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే సరిపోతుంది, కానీ ఇంజిన్ నడుస్తూ ఉండాలి. ఫుల్ లోడ్‌లో ఈ వించ్ 350 నుంచి 450 ఆంపియర్లు తాగుతుంది. 400 చొప్పున ఒక్క నిమిషం లాగితే దాదాపు 7 ఆంపియర్ అవర్లు. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ 100 ఇవ్వదు, కాస్త యాక్సిలరేటర్ పట్టి ఉంచాలి, అప్పుడు కూడా ఎక్కువ భాగం బ్యాటరీదే. కాబట్టి ఒక నిమిషం లాగి, మోటారు మీద అరచేయి పెట్టి చూడండి. చెయ్యి ఆనించలేకపోతే ఆపండి. ఆ విశ్రాంతిలో బ్యాటరీ కూడా కోలుకుంటుంది.

చౌక వించ్‌లలో అసలు కక్కుర్తి కనిపించేది కేబుళ్లలో. డబ్బాలో వచ్చే కేబుల్ పైన లావుగా కనిపిస్తుంది, రబ్బరే ఎక్కువ, లోపల తీగ తక్కువ. చివర ఒక తీగని కత్తితో గీరి చూడండి. ఎర్రటి పైపొర కింద తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. తీసి పక్కన పడేయండి. అసలు రాగే అయినా 16 చదరపు మిల్లీమీటర్లది అయితే రానూపోనూ 4 మీటర్లకి 400 ఆంపియర్ల దగ్గర 1.7 వోల్టులు కేబుల్‌లోనే ఆవిరి. 35 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.8. ఆ తేడా నేరుగా రోప్ వేగంలో కనిపిస్తుంది. నెగటివ్ కూడా బ్యాటరీ దాకా తెచ్చి కలపండి, ఛాసిస్‌కి ఎక్కడో బోల్టు వేసి వదిలేయొద్దు. లగ్గులు (కేబుల్ చివర బోల్టుకి తగిలించే రాగి మొనలు) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాలి. సుత్తితో కొట్టి చపటా చేసినవి, కట్టింగ్ ప్లేయర్‌తో నొక్కినవి ముందు అక్కడే వేడెక్కుతాయి. వించ్ కాలిపోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో మోటారు బాగానే ఉండి, లగ్గు దగ్గర ప్లాస్టిక్ కరిగినవే ఎక్కువ.

బ్యాటరీ పక్కనే కరెంటు మొత్తం కోసేసే ఐసోలేటర్ స్విచ్ పెట్టించుకోండి, ఇది తప్పనిసరి. కాంటాక్టర్ (రిమోట్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్) లోపల పాయింట్లు అతుక్కుపోతే రిమోట్ మీటలోంచి వేలు తీసినా వించ్ ఆగదు, లాగుతూనే ఉంటుంది. అప్పుడు కరెంటు కోసేది ఆ స్విచ్ ఒక్కటే. లాగనప్పుడు అది ఆఫ్‌లోనే ఉంచండి.

బిగింపు సంగతి. ఈ సైజు వించ్‌ల బోల్టు రంధ్రాలు సాధారణంగా 254 బై 114.3 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, మీ మాన్యువల్‌లో సరిచూసుకోండి. ప్లేటు ఛాసిస్ రెయిళ్లకే పట్టాలి, బంపర్ రేకుకి కాదు. మీ మోడల్ కోసమే చేసిన మౌంట్ దొరికితే అదే తీసుకోండి, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల గొడవ ఉండదు. బోల్టులు 8.8 గ్రేడు, తల మీద ఆ అంకె ఉంటుంది. ముక్కు మీద 35, 40 కేజీలు అదనంగా పడతాయి కాబట్టి ముందు స్ప్రింగులు కొంచెం కుంగుతాయి.

కొత్త వించ్ వచ్చిన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. డ్రమ్ మీద కనీసం ఐదు చుట్లు వదిలి రోప్ మొత్తం బయటికి లాగండి. ఒక చివర గట్టి దానికి కట్టి, కొంచెం ఏటవాలు మీద బండినే నెమ్మదిగా లాక్కుంటూ, చుట్టు పక్కన చుట్టు పడేలా చుట్టించండి. కంపెనీలో వదులుగా చుట్టి పంపుతారు. అలాగే వాడితే మొదటిసారి గట్టిగా లాగినప్పుడు పై చుట్టు కింది చుట్ల మధ్యకి దూరిపోతుంది, తర్వాత దాన్ని బయటికి తీయడం మహా కష్టం.

లాగేటప్పుడు రోప్ మధ్యలో బరువైన డ్యాంపర్ గానీ తడిపిన గోనె గానీ వేయండి. రోప్ పొడవునా ఇరువైపులా ఎవరినీ నిలబడనివ్వకండి. స్టీల్ రోప్ కొక్కేన్ని చెట్టు చుట్టూ తిప్పి అదే రోప్‌కి ఎప్పుడూ తగిలించొద్దు, ఆ మడతలో తీగలు చచ్చిపోతాయి. రోప్ విప్పేటప్పుడు క్లచ్ వదిలి చేత్తో లాగండి, మోటారుతో వెనక్కి తిప్పొద్దు. వీటిలో చాలావాటికి బ్రేకు డ్రమ్ లోపలే ఉంటుంది, లోడ్ మీద వెనక్కి తిప్పితే అదే కాలుతుంది.

బురదమామ

ఆంపియర్ భాయ్, నేను ఓడిపోయాను. కానీ సింథటిక్ రోప్ మాట వదలను. అదే 9,500 వించ్‌కి తర్వాత సింథటిక్ వేయిస్తే తప్పేంటి?

ఆంపియర్

తప్పేం లేదు మామగారూ, నిజానికి బరువు తగ్గుతుంది, తెగినా స్టీల్ అంత దూరం విసరదు. కాకపోతే వేడికి అది తట్టుకోదు, సుమారు 145 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే బలం తగ్గిపోతుంది. డ్రమ్ లోపల బ్రేకు ఉన్న వించ్‌లో డ్రమ్‌ని అంటుకునే మొదటి పొర మీద వేడి తట్టుకునే తొడుగు ఉన్నదే తీసుకోవాలి. డ్రమ్ మీద కనీసం 8 నుంచి 10 చుట్లు వదలాలి, ఇది జారుతుంది. ఎండలో, ఇసుకలో వదిలేస్తే అరుగుతుంది. నాలుగోగేరు గారూ, ఎప్పుడైనా అలా మార్చాలనిపిస్తే రోలర్ ఫెయిర్‌లీడ్ కూడా తీసేసి అల్యూమినియం హాస్ (రోలర్లు లేని నున్నటి ఫెయిర్‌లీడ్) వేయించండి. స్టీల్ రోప్ రోలర్ల మీద చేసిన గీతలు కొత్త సింథటిక్‌ని కోసేస్తాయి. డ్రమ్ మీద కూడా వేలు పెట్టి తడిమి, గరుకు తగిలితే సన్నని ఎమరీతో నున్నగా చేశాకే రోప్ ఎక్కించండి.