భాష పోతే సంస్కృతి పోయినట్టేనా? గోండు పిల్లల బడి మీద చర్చ

ఆప్షనల్_ఆంత్రో:
నమస్తే. సివిల్స్‌కి ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకున్నాను. భాష, వ్యక్తిత్వం, అనుకూలనం (పరిస్థితులకు తగ్గట్టు మారడం) పాఠాలు చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. మనం ఆలోచించే తీరు మీద భాష ప్రభావం ఉంటుందని భాషాశాస్త్రవేత్తలు సపిర్, వోర్ఫ్ అంటారు. ఒక్కో సంస్కృతి తన మనుషుల్ని ఒక్కో తీరుగా మలుస్తుందని ఆంత్రోపాలజిస్ట్ రూత్ బెనెడిక్ట్ 1934లోనే రాసింది. ఈ లెక్కన భాష పోతే మనిషి తీరే మారిపోవాలి. కానీ 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 30 లక్షల లోపే. గోండులేమో దేశం మొత్తం మీద కోటికి పైనే. మిగతావాళ్లు గోండులు కారా? ఆదిలాబాద్ వైపు వాళ్లుంటే చెప్పండి, ఒకటో రెండో తరగతి వరకు గోండీలో చెబితే నిజంగా ఏమైనా తేడా వస్తుందా?

ఉట్నూరు_పంతులు:
వస్తుంది. నేను గోండునే, గూడేల్లోనే టీచర్‌గా పనిచేస్తున్నా. మా పిల్లల గురించి పైనుంచి వచ్చే ఆఫీసర్లందరిదీ ఒకటే మాట, 'సిగ్గరులు, నోరు విప్పరు'. బెనెడిక్ట్‌ని చదివినవాళ్లయితే దానికి 'గోండు వ్యక్తిత్వం' అని పేరు కూడా పెడతారు. మొన్న ఒకటో తరగతి పిల్లకి ఎద్దు బొమ్మ చూపించి ఇదేంటని తెలుగులో అడిగారు. తల వంచుకుని గౌను అంచు నలుపుతూ నిలబడింది. ఇంటర్వెల్‌లో అదే పిల్ల చింతచెట్టు కింద నలుగురు మగపిల్లల్ని గోండీలో తిట్టి బంతి లాక్కుంది. వాళ్ల ఇంట్లో రెండు జతల ఎడ్లున్నాయి. ఎద్దు గురించి ఆమె మనకే పాఠం చెప్పగలదు. ఆమె సిగ్గంతా బడి గడప లోపలే.

ఇదేం కొత్త సంగతి కాదు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వం ఆంత్రోపాలజిస్ట్ హైమెండార్ఫ్‌ని ఈ ప్రాంతానికి పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ మొదలుపెట్టించాడు. గోండు యువకులే టీచర్లు, గోండీలోనే వాచకాలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగు వచ్చి కూర్చుంది. నేను చదువుకున్న ఆశ్రమ పాఠశాలలో గోండీ మాట నోట్లోంచి వస్తే బెత్తమే. ఇప్పటికీ స్టాఫ్ మీటింగ్‌లో మాట్లాడాలంటే ముందు మనసులో తెలుగులో పేర్చుకుంటా.

రాజమండ్రి_రావు:
లిపి లేని భాషలో పాఠాలేంటండీ?

ఉట్నూరు_పంతులు:
లిపి ఉంది సార్. నార్నూర్ మండలం గుంజాలలో చేతిరాత ప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. చూసి మాట్లాడండి.

గూడెం_నాయిన:
ఏ లిపి సార్? హైమెండార్ఫ్ పుస్తకాలు దేవనాగరిల ఉండె. గిరిజనుల కోసం పెట్టిన సర్కారు సంస్థ ఐటీడీఏ వాళ్లు తెలుగు అక్షరాలల్ల అచ్చేసిన్రు. మీరు గుంజాల అంటున్నరు. అటు మధ్యప్రదేశ్ దిక్కు మసరాం లిపి అని ఇంకోటి ఉన్నది. ఆరేండ్ల పోరడు ఎన్ని నేర్వాలె?

నేను గూడ గోండునే. గోండీ మా ఇంట్ల ఉన్నది, మా అవ్వ దగ్గర ఉన్నది, దండారి ఆటపాటలల్ల ఉన్నది. అది నేర్పనీకి బడి అక్కర లేదు. బడి నుంచి నాకు కావల్సింది ఇంట్ల లేనిది. మా తాత ఒక సావుకారికి కాయితం మీద వేలిముద్ర ఏసిండు. అది ఏ భాషల ఉన్నదో గూడ ఆయనకు ఎరుక లేదు. గిరిజనుల భూమి వేరేటోళ్లకు పోవద్దని 1/70 చట్టం వచ్చినంక గూడ ఆ భూమి మాకు తిరిగి రాలే. ఆ కాయితం చదివే పిలగాడు నాకు కావాలె. తెలుగు రావాలె, ఇంగ్లీషు రావాలె. మీ సపిర్ వచ్చి నా భూమి ఇప్పిస్తడా?

ఉట్నూరు_పంతులు:
లిపి పట్టుకుని అసలు సంగతి పక్కన పెడుతున్నారు. తెలుగు వద్దని ఎవరన్నారు? మొదటి రెండేళ్లు గోండీతో మొదలుపెట్టి తెలుగులోకి దాటించమంటున్నా. రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్పేదీ, 2020 విద్యావిధానం చెప్పేదీ మాతృభాష గురించే.

గూడెం_నాయిన:
చెప్పుడు అందరు చెప్తరు. 2004ల ఎనిమిది భాషలల్ల బడి పుస్తకాలు పెట్టిన్రు గద, గోండీ, కోయ, కొలామీ, సవర అన్ని. మా ఊరి బడిల ఆ పుస్తకాలు బీరువల్నే ఉండె. లిపి సంగతి మీరింక చెప్పలే.

కిక్రి_వాద్యం:
మేం ప్రధాన్లం. మా ఇంట్ల మాట్లాడేది మరాఠీ. కానీ గోండుల పెద్దదేవుడు పెర్సాపేన్ కథలు, నాలుగు సగల (వంశాల గుంపుల) నుంచి ఏడు సగల దాకా ఎవరు ఎట్ల పుట్టిన్రో ఆ కథలు, తరతరాలుగా కిక్రి అనే తీగె వాద్యం పట్టుకొని పాడేది మేమే. మేం లేకుంటే వాళ్ల పెద్దకర్మలే నడవవు. మా ఇంటి భాష మరాఠీ అయినంక ఆ కథలేమన్న పోయినయా? భాష, సంస్కృతి ఒక్కటే అనేటోళ్లు ఒక్కపారి మా ఇంటికి రాండ్రి.

ఆప్షనల్_ఆంత్రో:
ఇది చాలా బాగుంది! అనుకూలనానికి ఉదాహరణగా రాసుకోవచ్చా?

కిక్రి_వాద్యం:
రాసుకోండ్రి. పరీక్ష పాసైనంక మా పింఛన్ ఫైలు సంగతి గూడ చూడుండ్రి.

ఉట్నూరు_పంతులు:
దాదా, మీరు పాడతారు సరే, కూర్చుని వినేది ఎవరు? మీతో పాడించుకునే, గోండీ తెలిసిన గోండు దాతలే కదా. ఆ దాతల పిల్లలకి పాట అర్థం కాకపోతే ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. గుస్సాడి నాట్యం నేర్పినందుకు మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, గర్వమే. కానీ ఢిల్లీ పరేడ్‌లో నెమలి ఈకల టోపీ చూసి చప్పట్లు కొట్టడానికి భాష అక్కర్లేదు. సంస్కృతిని అక్కడిదాకా కుదించాక, భాష లేకపోయినా సంస్కృతి ఉంది అనడం తేలికే.

గూడెం_నాయిన:
ఒక్కటి అడుగుత, కోపం రావద్దు. మీ పిల్లలు ఏ బడిల చదివిన్రు?

ఉట్నూరు_పంతులు:
మంచిర్యాలలో, ఇంగ్లీష్ మీడియం. దాచేదేముంది. వాళ్లు ఉట్నూరు క్వార్టర్స్‌లో తెలుగు మాట్లాడుతూ పెరిగారు, బడి భాష వాళ్లకి కొత్త కాలేదు. గూడెంలో పిల్లలకి ఆ వెసులుబాటు లేదనేగా మొదట్నుంచీ నా మొత్తుకోలు!

గూడెం_నాయిన:
గదే. మీ పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు గోండీ. సంస్కృతి మోసే కూలి పని మాకు, కొలువులు మీకు.

డల్లాస్_అత్తయ్య:
మా అమ్మాయికి తెలుగు రాదు, బతుకమ్మ మాత్రం ఆడుతుంది. ఇంతకీ ఎవరిది కరెక్ట్?

ఉట్నూరు_పంతులు:
నాయినా, కూలి అనే మాట తప్పు. అయినా ఇంతదాకా వచ్చింది కాబట్టి చెప్పేస్తున్నా. నా గొడవ పుస్తకాల గురించి కాదు. బీరువాలో ఉన్న గోండీ వాచకం బయటికి రాకపోవడానికి కారణం, అది చదవగలిగిన టీచర్ ఆ బడిలో లేకపోవడం. గోండీ రాని టీచర్‌ని గోండు గూడేనికి వెయ్యకూడదు. ఎస్టీ అయినా సరే.

తండా_టీచర్:
ఇదిగో, ఇప్పుడొచ్చింది అసలు మాట. సూటిగా చెప్పండి సార్, మాలాంటి లంబాడా టీచర్లు వద్దు అంటున్నారు, అంతేగా? 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అంది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు మనమంతా ఒకే టెంట్ కింద కూర్చుని ధర్నా చేశాం. ఇప్పుడు భాష పేరు చెప్పి మళ్లీ నన్ను బయటికి తోస్తారా? నేను గోండు గూడెంలో పనిచేస్తూ గోండీ నేర్చుకున్నా. పిల్లలు నా ఉచ్చారణకి నవ్వుతారు, నవ్వుతూనే చదువుతారు. మా ఊరి బడిలో పనిచేసిన ఒక గోండు సార్ నెలకి రెండుసార్లు కూడా కనిపించేవాడు కాదు. ఆయనకి గోండీ వచ్చు మరి!

ఉట్నూరు_పంతులు:
మీలా నేర్చుకున్నవాళ్లని నేనేమీ అనలేదు. నేను అన్నది రానివాళ్ల గురించి. మీరు కులం చదువుకున్నారు, నేను భాష రాశాను.

తండా_టీచర్:
రాసింది భాషే. రేపు ఆర్డర్ వచ్చినప్పుడు అక్కడ చూసేది నా సర్టిఫికెట్‌లో ఏ తెగ అని.

కొలాం_కెరమెరి:
మీ కొట్లాటల మమ్ముల మర్చిన్రు. మేం కొలాం తెగోళ్లం, ఇంట్ల కొలామీ మాట్లాడ్తం. గోండులతోని గోండీ, అంగట్ల మరాఠీ, ఆఫీసుల తెలుగు. అడివిల పోడు బందయినంక నాగలి పట్టినం, ఎవరితోని పనుంటే వాళ్ల భాష పట్టినం. మీరు బడిల గోండీ పెడితే మా పోరగాండ్లకు అది గూడ పరభాషనే. అప్పుడు మా పిల్లలు సిగ్గరులు అని గోండు పంతులు రాస్తడు.

ఉట్నూరు_పంతులు:
కొలాం గూడెంలో కొలామీనే ఉండాలి, అందులో రెండో మాట లేదు. 2004లో కొలామీ వాచకం వేశారు కూడా. ఎవరైనా సరే, ఏ తెగైనా సరే, ఆ గూడెం భాషలో నోటి పరీక్ష పెట్టి పోస్టింగ్ ఇవ్వాలి.

తండా_టీచర్:
నేను రెడీ. ఎవరు పెడతారు? ఐటీడీఏలోనా?

గూడెం_నాయిన:
ఐటీడీఏల ఎందుకు? పరీక్ష మా గూడెంలనే, మా అవ్వల ముందట పెట్టుండ్రి. పాసా ఫెయిలా వాళ్లే చెప్తరు. గట్లయితే రెండేండ్లు గోండీకి నేను గూడ ఒప్పుకుంట. కాని లిపి మాత్రం తెలుగే.

ఉట్నూరు_పంతులు:
లిపి గురించి విడిగా మాట్లాడదాం. పాత టీచర్లకీ పరీక్షేనా?

గూడెం_నాయిన:
మీతోనే మొదలు.