ఓడుతున్న జట్టు ఆటగాళ్లను మార్చుకోవాలా, ఓపిక పట్టాలా?

ఎంవీపీ కాలనీ వాసి: విశాఖలో తెల్లవారుజామునే లేచి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూసే మా నలుగురి మధ్య తెగని వాదన ఇది. 2023-24లో 82 ఆటలకు 15, మరుసటి ఏడాది 18 మాత్రమే గెలిచిన వాషింగ్టన్ విజార్డ్స్ వంటి జట్టు, రాణించని ఆటగాళ్లను వెంటనే ఇతర జట్లకు ఇచ్చివేయడం మేలా?

సాగరతీరం: ఇస్తామంటే పుచ్చుకునేదెవరండీ? ఆటగాడితోపాటు అతని కాంట్రాక్టు కూడా వెళ్తుంది. లీగ్ పెట్టిన జీతాల పరిమితి దాటిన జట్లు ఇచ్చే జీతాలకూ తీసుకునే జీతాలకూ పొంతన కుదుర్చుకోవాలి. భారమైన కాంట్రాక్టును వదిలించుకోవడానికి డ్రాఫ్ట్ హక్కును (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతును) కూడా జోడించి ఇవ్వడమంటే, నా దృష్టిలో, విత్తనాల వడ్లు అమ్ముకోవడమే. అయితే 2025 ఫిబ్రవరిలో వాషింగ్టన్ తన ఆటగాడు కైల్ కుజ్మాను మిల్వాకీ జట్టుకు పంపి, క్రిస్ మిడిల్టన్‌తోపాటు యువకుడైన ఏజే జాన్సన్‌ను కూడా రాబట్టింది. అది తెలివైన బేరం.

పోర్టు ఉద్యోగి: డెట్రాయిట్‌ను మరచిపోకండి. 2023-24లో వరుసగా 28 ఆటలు ఓడి, మొత్తం 14 మాత్రమే గెలిచిన ఆ జట్టు, ప్రధాన ఆటగాడు కేడ్ కనింగ్‌హామ్‌ను వదులుకోకుండా కోచ్‌ను మార్చి, అతని చుట్టూ టిమ్ హార్డవే జూనియర్, మలిక్ బీస్లీ వంటి దూరపు షాట్లు వేయగలవారిని చేర్చుకుని, మరుసటి ఏడాదే 44 ఆటలు గెలిచింది. లోపం ఆటగాడిదా, అమరికదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎంవీపీ కాలనీ వాసి: డెట్రాయిట్ సంగతి మా వాదనలో ఎవరికీ తట్టలేదు. ధన్యవాదాలండీ.